వాన పడని కాలువకు సంజాయిషీ

గౌరవనీయులైన వాన నీటి పర్యవేక్షణ విభాగం అధికారి గారికి, జింకు పూత కర్మాగారంలోని వాన నీటి బాధ్యుడు చేతులు జోడించి చేసుకుంటున్న విన్నపం.

అయ్యా,

ఇనుప బకెట్లకూ, గొట్టాలకూ, రేకులకూ తుప్పు పట్టకుండా జింకు పూత వేయడం మా కర్మాగారం పని. వాన కోసం ఎదురుచూడడం నా పని. నన్ను తీసుకున్నదే అందుకు. వాన పడి, మా ఆవరణలోని తుక్కునూ డ్రమ్ములనూ జింకు పొడినీ కడుక్కుంటూ నీళ్ళు గోడ అవతలికి పోయే కాలువ మూతి దగ్గర నేను కాచుకుని ఉండాలి. నీళ్ళు పారడం మొదలైన అరగంటలోపే ఒక సీసా పట్టి, సీలు వేసి, మూడు నెలలకోసారి మీకు పంపాలి. మురికంతా మొదటి నీళ్ళలోనే ఉంటుందట. రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకున్న రోజున, ఆ శాస్త్రం నన్ను నేరుగా కాలువ మూతికి చేరుస్తుందని ఒక్కరూ చెప్పలేదు.

నిబంధనల ప్రకారం ఆ వానకు ముందు మూడు రోజులు పొడిగా ఉండాలి. ఈ ఒక్క షరతునూ మా ఆవరణ అవసరానికి మించి నెరవేర్చింది. నేను చేరిన దగ్గర్నుంచీ చుక్క రాలలేదు. కాలువలో పిల్లి కాపురం పెట్టింది.

"ఈసారి నీళ్ళు బయటికి పోలేదు" అని ఒక ముక్క రాసి పంపితే మీరు ఆమోదిస్తారా అన్నది నా సందేహం. ఇందులో నా బతుకుంది. మా యజమాని, మేమంతా పెద్దసారు అంటాం, నన్ను మూడు నెలల పరీక్ష మీద పెట్టుకున్నారు. "ఆ ఆఫీసు నుంచి ఆమోదం కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టు, నీ ఉద్యోగం ఖాయం చేస్తా. లేదంటావా, నీ దారి నీది, కాలువ దారి కాలువది" అన్నారు.

ఆకాశం వైపు చూస్తూ,
తమ విధేయుడు,
వాన నీటి బాధ్యుడు

తా.క.: నిన్న ఉరిమిందని సీసా పుచ్చుకుని పరుగెత్తాను. గోదాం షట్టరు దించుతున్నారు. వెళ్ళాను కదా అని కాసేపు నిలబడి వచ్చాను.

* * *

జింకు పూత కర్మాగారం వాన నీటి బాధ్యునికి,

అయ్యా,

మీ ఉత్తరం అందినది, పరిశీలించడమైనది. నమూనా లేని నివేదిక అసంపూర్ణ నివేదిక. అసంపూర్ణ నివేదికను ఆమోదించు వీలు లేదు. కావున గడువు ముగియులోగా సీలు వేసిన సీసా ఈ కార్యాలయమునకు తప్పక చేరవలెను.

వాన పడకపోవుటకు గల కారణములను విడిగా తెలుపవలెను.

విభాగాధికారి తరఫున,
సెక్షన్ గుమాస్తా

తా.క.: కార్యాలయ ఉత్తరములలో పిల్లుల ప్రస్తావన అనవసరము. పిల్లి కాలువలోనే ఉన్నదా, లేచి వెళ్ళినదా?

* * *

మహారాజశ్రీ విభాగాధికారి గారి సముఖానికి,

అయ్యా,

వాన పడకపోవడానికి కారణాలు విచారించాను. మబ్బులు వస్తున్నాయి, మా కర్మాగారం పొగ గొట్టం వరకూ వచ్చి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి మళ్ళుతున్నాయి. వాటిని పిలిచి సంజాయిషీ అడిగే అధికారం నా హోదాకు లేదు. తమకు ఉంటే అడగగలరు.

సీసా తప్పక చేరాలన్నారు కాబట్టి పంపుతున్నాను. మూత బిగించాను, సీలు వేశాను, చీటీ అంటించాను, దారిలో ఎవరెవరి చేతులు మారిందో రాసే పత్రం కూడా జతచేశాను. ఈ మూడు నెలల్లో మా ఆవరణలో పడిన వాన మొత్తం ఈ సీసాలోనే ఉంది. ఒక్క చుక్క కూడా దాచుకోలేదని ప్రమాణం చేస్తున్నాను.

ఇక్కడ నా పరిస్థితి మనవి చేసుకోకుండా ఉండలేను. కుర్చీలో కూర్చుంటే చూపు కిటికీ మీద, కిటికీ దగ్గర నిలబడితే మనసు గేటు మీద. అన్నం ముందు కూర్చుని కూడా కాళ్ళు ఆడిస్తున్నానని మా అక్క తిడుతోంది. నేను ఉండేది వాళ్ళింట్లోనే. మా బావ సంగతి సరే సరి. పొద్దున పేపరు మడిచి, "ఏం బామ్మర్దీ, ఇవాళైనా పని దొరుకుతుందా, లేక కిందటి నెలలాగే కాలువ కాపలాయేనా" అని అడిగి గానీ ఆఫీసుకు వెళ్ళడు.

నిరీక్షణలో,
వాన నీటి బాధ్యుడు

తా.క.: పిల్లి అక్కడే ఉంది. ఇప్పుడు నలుగురు పిల్లల తల్లి. వాన పడితే వాళ్ళను ఎక్కడికి మార్చాలో కూడా నా బాధ్యతల్లో చేర్చారు.

* * *

జింకు పూత కర్మాగారం వాన నీటి బాధ్యునికి,

విషయం: సంజాయిషీ నోటీసు.

అయ్యా,

మీ సీసా అందినది. పరీక్షశాలకు చేరిన ప్రతి సీసాను పరీక్షించుట మా విధి. నమూనా పరిమాణం చాలనందున, నిబంధనల మేరకు సీసా లోపలి గోడలను శుద్ధజలముతో కడిగి, ఆ నీటిని పరీక్షించడమైనది. అందులో జింకు, అనుమతించిన హద్దుకు ఎనిమిది రెట్లు ఉన్నది.

ఇంతటి కాలుష్యము కాలువలోనికి వదులుటకు కారణమేమో, ఇకపై తీసుకోదలచిన దిద్దుబాటు చర్యలేమో వెంటనే తెలుపవలెను. లేనిచో కర్మాగారంపై తదుపరి చర్య తప్పదు.

విభాగాధికారి తరఫున,
సెక్షన్ గుమాస్తా

తా.క.: రెండు ఉత్తరాలుగా అయ్యా అయ్యా అని రాస్తున్నారు. మా అధికారి గారికి ఆరు సెక్షన్లు, అన్నిటిలో సంతకాలు పెట్టడమే ఆయన పని. ఉత్తరాలు చించేది, చదివేది, జవాబు రాసేది నేను. నేను ఇద్దరు ఆడపిల్లల తల్లిని. పిల్లి సంగతి విని పిల్లలు సంతోషించారు.

* * *

గౌరవనీయులైన సెక్షన్ గుమాస్తా గారికి, అమ్మా,

అయ్యా అన్నందుకు క్షమించాలి. మీ ఉత్తరాల కంఠం విని మీసాలు ఊహించుకున్నాను.

కానీ అమ్మా, ఇదేం న్యాయం? నేను పంపింది ఖాళీ సీసా. ఆ సీసా మా జింకు కరిగించే గదిలో, కొలిమి పక్కన అరలో ఉండేది. లోపల పేరుకున్నది ఆ గది దుమ్ము. మీ పరీక్షశాల ఆయన కడిగింది మా అరను. ఆయన శ్రద్ధకు నమస్కారం, నేను మునిగాను.

మీ నోటీసును పెద్దసారు నా ముందే చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు.

"వాన పడిందా?"

"లేదండీ."

"పడకుండానే ఎనిమిది రెట్లు. పడితే?"

"పడితే నీళ్ళు కలుస్తాయి కదండీ, పలచబడుతుంది."

"నువ్వు పలచబడకుండా చూసుకో" అన్నారు. ఇది జరిగినప్పట్నుంచీ ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం మానేశారు. ఎనిమిది రెట్లు అంటున్నారు. "ఎనిమిది రెట్లును పిలవండి", "ఎనిమిది రెట్లు భోంచేశాడా" అని. పూత గదిలో వాళ్ళు కూడా అందుకున్నారు.

దిద్దుబాటు చర్యలు అడిగారు. తీసుకుంటున్నాను. ఇకపై మా ఆవరణలోకి ఒక్క వాన చుక్కను కూడా అడుగుపెట్టనివ్వం. గేటు కాపలాదారుకు కచ్చితంగా చెప్పాం. గేటు పాసు లేకుండా వాన లోపలికి వస్తే బాధ్యత అతనిదే. తుక్కునూ డ్రమ్ములనూ అది తాకకుండా చూసుకుంటాం. ఇంతకంటే ఏ కర్మాగారమూ చేయలేదని మనవి.

ఒళ్ళు మండి రాస్తున్న,
వాన నీటి బాధ్యుడు

తా.క.: మా బావ నోటీసు చదివి, "ఉత్త సీసాతో ఊరి మీదికి కాలుష్యం తెచ్చిన మొదటి మనిషివి" అన్నాడు. మా అక్క మాత్రం ఆ పరీక్షశాల ఆయనకు పెళ్ళయిందా అని అడుగుతోంది. అంత శ్రద్ధగలవాడు అంట్లు ఎలా తోముతాడో చూడాలని ఉందట.

* * *

జింకు పూత కర్మాగారం వాన నీటి బాధ్యునికి,

విషయం: వానను ఆవరణలోనికి రానివ్వకుండుట.

అయ్యా,

మీ ప్రతిపాదన పరిశీలించడమైనది. కర్మాగారంలోని సామాను, తుక్కు, డ్రమ్ములు వానకు తగలకుండా పూర్తిగా పైకప్పు కింద ఉంచిన ఎడల, ఆ కర్మాగారం నమూనాలు పంపవలసిన పని లేదు. నిబంధనలలో దీనికి మినహాయింపు గలదు. మీరు స్వయంగా ఈ మార్గం సూచించినందుకు విభాగాధికారి గారు సంతృప్తి వ్యక్తము చేసి, సంజాయిషీ నోటీసును నిలిపివేసినారు.

పైకప్పు నక్షాను, పని పూర్తయిన పిదప ఫోటోలను పంపవలెను. వానకు ఇచ్చు గేటు పాసు నమూనాను కూడా జతపరచవలెను.

విభాగాధికారి తరఫున,
సెక్షన్ గుమాస్తా

తా.క.: మీరు వేళాకోళానికి రాశారని నాకు తెలుసు. మా అధికారి గారికి తెలియదు. ఆయన మీ ఉత్తరం మిగతా సెక్షన్ల వాళ్ళందరికీ చదివి వినిపించి, కుర్రాళ్ళు ఇలా ఆలోచించాలి అన్నారు. ఆ మాటన్నాక వేళాకోళమని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. గేటు పాసు మాత్రం నిజంగానే అడిగారు.

* * *

ఎంతో దయగల అక్కగారికి నమస్కారాలు.

అమ్మా అని పిలిస్తే మీ మొదటి ఉత్తరాలు గుర్తొచ్చి భయం వేస్తోంది. అక్కగారూ అంటే కాస్త ధైర్యంగా ఉంది. అనుమతించగలరు.

మీ ఉత్తరం పెద్దసారు చేతిలో పెట్టాను. "విభాగాధికారి గారు సంతృప్తి వ్యక్తము చేసి" అన్నచోట ఆగి, నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. ఆ గదిలో ఎదుటి కుర్చీలో ఎవరూ కూర్చోగా చూడలేదు నేను. కూర్చున్నాక తెలిసింది, దానికి ఒక కాలు పొట్టి.

"ఈ బుర్ర ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావయ్యా" అన్నారు.

"వేళాకోళానికి" అన్నమాట నా నోటి దాకా వచ్చింది. మీరు ఊరుకున్నట్టే నేనూ ఊరుకున్నాను.

పైకప్పు పని మొదలైంది. రేకులు బయట కొనక్కర్లేదని పెద్దసారు మురిసిపోతున్నారు. మా దగ్గరే వంకర వచ్చిందనీ అంచు చెదిరిందనీ పక్కన పడేసిన జింకు పూత రేకులు కుప్పలున్నాయి. వాటినే తీసి బిగిస్తున్నారు. మధ్యాహ్నం ఎండలో ఆవరణ వైపు చూస్తే కళ్ళు మూతలు పడుతున్నాయి, అంత తళతళ. సుత్తుల మోతకు మాటలు వినబడక అందరం సైగలతో మాట్లాడుకుంటున్నాం. పిల్లి సంసారాన్ని నా బల్ల కింది అట్టపెట్టెలోకి మార్చాను. పేరు కూడా వెనక్కి వచ్చింది. ఎనిమిది రెట్లు అని ఎవరూ అనడం లేదు.

నాకు మాత్రం కాలు నిలవడం లేదు. వాన రావాలని ఇన్నాళ్ళు మొక్కుకున్నవాణ్ణి, ఇప్పుడు చివరి రేకు బిగించే దాకా రాకూడదని చూస్తున్నాను. మబ్బు కనిపిస్తే పరుగెత్తి నేనే రేకులు అందిస్తున్నాను. మా బావ పేపరులో వాతావరణం ముక్క కత్తిరించి, నా కంచం పక్కన పెడుతున్నాడు.

నక్షా జతచేశాను. గేటు పాసు కూడా. పేరు: వాన. వచ్చిన పని: కడగడం. ఎవరిని కలవాలి: జింకు పొడిని. వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళే వస్తువులు: అసలు తగువంతా దీని దగ్గరే.

ఆశతో,
మీ తమ్ముడి లాంటి వాన నీటి బాధ్యుడు

తా.క.: మా అక్క తన నమస్కారాలు కూడా రాయమంది. ఇంట్లో నా కాళ్ళు ఆడించడం తగ్గిందని, దానికి కారణం మీరేనని ఆమె నమ్మకం. తగ్గలేదు. కర్మాగారంలో బల్ల కింద పిల్లి పిల్లలు కరిచిన కాళ్ళను ఇంటికొచ్చాక కదపలేకపోతున్నాను, అంతే.

* * *

జింకు పూత కర్మాగారం వాన నీటి బాధ్యునికి,

విషయం: మినహాయింపు ఉత్తర్వు.

అయ్యా,

మీరు పంపిన ఫోటోలను పరిశీలించడమైనది. మీ కర్మాగారంలోని సామాను, తుక్కు, డ్రమ్ములు అన్నియు పైకప్పు కింద ఉన్నట్లు ధ్రువీకరిస్తూ మినహాయింపు మంజూరు చేయడమైనది. ఈ ఉత్తర్వే ఆమోద పత్రముగా భావించవలెను.

నేటి నుండి మీ కర్మాగారం వాన నీటి నమూనాలు పంపనక్కరలేదు. వాన నీటి బాధ్యుని నియమించుకొనవలసిన అవసరమును లేదు.

విభాగాధికారి తరఫున,
సెక్షన్ గుమాస్తా

తా.క.: చివరి వాక్యం నేను రాసింది కాదు. ఉత్తర్వులో ముందే అచ్చు వేసి ఉంటుంది. కొట్టేద్దామని కలం తీశాను. కొట్టివేతలు ఉన్న ఉత్తర్వు చెల్లదు. తమ్ముడూ, దీన్ని మీ పెద్దసారుకు మీరే చదివి వినిపించండి, చివరి వాక్యం దగ్గర దగ్గు రావచ్చు.

* * *

అక్కగారికి,

దగ్గాను. కానీ ఆయన కాగితం తీసుకుని స్వయంగా చదువుకున్నారు.

పూత గది వాళ్ళందరినీ పిలిచి, పైకప్పు కింద నిలబెట్టి, ఉత్తర్వును గట్టిగా వినిపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. చివరి వాక్యం దగ్గరకు వచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. జనం వెళ్ళాక నన్ను గదిలోకి పిలిచారు.

"కాగితం తెచ్చావు. మాటంటే మాటే. నీ ఉద్యోగం ఖాయం" అన్నారు. తర్వాత కళ్ళజోడు తీశారు. "ఏ ఉద్యోగం అన్నదే నాకు తోచడం లేదు."

వానను ఆపింది నేనే. నెలాఖరు దాకా ఉండమన్నారు. ఆయన మనసు కష్టపెట్టుకున్నారు కూడా. వెళ్ళేటప్పుడు బకెట్టు ఒకటి తీసుకెళ్ళమన్నారు, మంచి పూత ఉన్నదే.

ఇంటికి వెళ్ళి చెప్పాను. మా బావ పేపరు మడవలేదు. తన కంచంలోది తీసి నా కంచంలో వేశాడు. అక్కగారూ, నోటీసు వచ్చినప్పుడు కూడా నాకు ఇంత భయం వేయలేదు.

ఇవాళ వాన పడింది.

నేను చేరాక ఇదే మొదటి వాన. పట్టపగలు, పని వేళల్లో, ముందు ఎన్నో పొడి రోజుల తర్వాత, ఏ షరతుకూ లోటు లేకుండా పడింది. పైన రేకుల మీద వందమంది ఒకేసారి సుత్తులు అందుకున్నట్టు మోత. కింద తుక్కు మీద ఒక్క చుక్క లేదు, డ్రమ్ముల మీద ఒక్క చుక్క లేదు. మన పైకప్పు అంత బాగా కుదిరింది. నీళ్ళన్నీ ఆ తళతళలాడే రేకుల మీదుగా జారి, చూరు నుంచి గొట్టంలోకి, గొట్టం నుంచి కాలువలోకి వెళ్ళాయి. నేను అలవాటు కొద్దీ కాలువ మూతి దగ్గరికి పరుగెత్తాను. వెళ్ళాక గుర్తొచ్చింది, ఆ నీళ్ళతో ఇప్పుడు నాకు సంబంధం లేదని. మొదటి అరగంటా నా కళ్ళ ముందే పోయింది. తడిసి నిలబడ్డాను.

ఇన్నాళ్ళూ నా పిచ్చి ఉత్తరాలకు ఓపిగ్గా జవాబులు రాసినందుకు కృతజ్ఞుణ్ణి. మరో ఉద్యోగం దొరికితే తెలియజేస్తాను. ఈసారి మండే ఎండతో సంబంధం ఉన్నదేదైనా చూసుకుంటాను.

నెలాఖరు వరకు,
వాన నీటి బాధ్యుడు

తా.క.: ఒకసారి మంచిదని తేలిన కర్మాగారం మళ్ళీ చెడ్డదయ్యే వీలు మీ నిబంధనల్లో ఎక్కడైనా ఉందా? ఊరికే అడుగుతున్నాను.

* * *

జింకు పూత కర్మాగారం యాజమాన్యానికి, వాన నీటి బాధ్యుని ద్వారా,

విషయం: మినహాయింపు రద్దు.

అయ్యా,

మీ వాన నీటి బాధ్యుడు రాసిన ఉత్తరం ద్వారా, మీ పైకప్పు రేకులు మీ కర్మాగారంలోనే జింకు పూత వేయబడినవని, అందులో అంచులు చెదిరినవి కూడా ఉన్నవని ఈ కార్యాలయం దృష్టికి వచ్చినది. అనగా అవి మీ ఉత్పత్తులు. కర్మాగారం ఉత్పత్తి ఏదియు ఆరుబయట వానకు తగలరాదని నిబంధన. ఇదివరకు మీ సామాను ఆవరణలో ఒక మూల మాత్రమే వానకు తడిసెడిది. ప్రస్తుతం ఆవరణ ఎంత ఉన్నదో అంత సామాను వానలో ఉన్నది.

కావున మినహాయింపు రద్దు చేయడమైనది. ఆ పైకప్పు ఉన్నంత కాలము, మూడు నెలలకొకసారి చూరు నీటి నమూనాను, కాలువ మూతి నమూనాను వేరువేరుగా పంపవలెను. నమూనాలపై పరీక్ష మీద ఉన్న ఉద్యోగి సంతకం చెల్లదు. ఉద్యోగం ఖాయమైన బాధ్యుడే సంతకం చేయవలెను.

విభాగాధికారి తరఫున,
సెక్షన్ గుమాస్తా

తా.క.: తమ్ముడూ, పైది పెద్దసారుకు. ఇది చింపి మీరు ఉంచుకోండి.

ప్రభుత్వ కార్యాలయం నుంచి మీ ప్రతి ఉత్తరానికీ అంత తొందరగా జవాబు ఎలా వస్తోందని మీకెప్పుడూ అనుమానం రాలేదా? నేను ఈ సెక్షన్‌లో చేరినప్పుడు ఫైళ్ళ మధ్య నా కుర్చీ కనపడేది కాదు. ఒకరి తర్వాత ఒకరు పైకప్పులు వేసుకున్నారు, కొందరు కర్మాగారాలే మూసుకున్నారు. ఈ ఏడాది నా బల్ల మీద మిగిలింది మీరొక్కరే. మీకు ఆమోదం ఇచ్చేస్తే నాకు పని లేదు, ఇవ్వకపోతే మీకు పని లేదు. అందుకే మొదట్లో అంత బిగుసుకుని రాశాను. ఆ మీసాలు నా భయానివే.

మీ మినహాయింపు మీద సంతకం పడిన మర్నాడే వడ్రంగి వచ్చి నా బల్ల కొలతలు తీసుకున్నాడు. నన్ను పాత కాగితాల గదికి పంపుతారట, పరీక్షశాల ఆయనను నాకు తోడుగా. రెండు రోజులు అన్నం సయించలేదు. మా చిన్నది, "అమ్మా, కాళ్ళెందుకు అలా ఆడిస్తున్నావు" అని అడిగింది.

అప్పుడు మీ ఉత్తరం వచ్చింది. నీళ్ళు రేకుల మీదుగా జారి అన్న చోట కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మన అధికారి గారి దగ్గరకు ఆ వాక్యాన్ని వేలు పెట్టి చూపిస్తూ తీసుకెళ్ళాను. ఆయన చదివి, "ఈ కుర్రాడు తన కర్మాగారం తప్పును తానే రాసి పంపాడు, కుర్రాళ్ళు ఇలా ఉండాలి" అన్నారు. వడ్రంగి వెళ్ళిపోయాడు. పరీక్షశాల ఆయన సీసాలు కడుక్కుంటున్నాడు.

ఆ రేకుల మీద రంగు వేయిస్తే జింకు రాలదు కదా అని మీ బావగారు సలహా ఇవ్వవచ్చు, తెలివిగల మనిషిలా ఉన్నారు. వేయించుకోనివ్వండి, మంచిదే. రంగు వేసిన పైకప్పుల కోసం మా నిబంధనల్లో వేరే అధ్యాయం ఉంది. పుస్తకం మొత్తంలో అదే అన్నిటికంటే పొడుగు.